ఎనిమిదో ఆజ్ఞా, తొమ్మిదో ఆజ్ఞా?

వనస్థలిపురం క్రైస్తవుల్లో నా వయసువాళ్లెవరూ ఇక్కడ పుట్టినవాళ్లు కారు. హౌసింగ్ బోర్డు ఇళ్లు, ఎన్జీవోస్ కాలనీ ప్లాట్లు వచ్చిన రోజుల్లో ఉద్యోగాల వెంట వచ్చాం. తర్వాత విజయవాడ హైవే పట్టుకుని ఇంకా చాలామంది వచ్చారు. గుంటూరు నుంచి వచ్చినవాళ్లు లూథరన్లు. ఒంగోలు, నెల్లూరు వాళ్లు బాప్టిస్టులు. మెదక్, డోర్నకల్ వైపు వాళ్లు సి.ఎస్.ఐ. మహబూబ్‌నగర్ వాళ్లలో మెన్నొనైట్ బ్రదరన్ ఎక్కువ. వీళ్లు కాక కతోలికులు, హెబ్రోను వాళ్లు, బైబిల్ మిషన్ వాళ్లు, పెంతెకొస్తు వాళ్లు. సొంత సంఘం ఎల్బీనగర్ అవతలెక్కడో ఉంటే, ఇంటికి దగ్గరున్న చర్చిలో చేరిపోయారు. వీళ్ల పిల్లలంతా ఆదివారం పొద్దున ఒకే గదిలో చాపల మీద కూర్చుంటారు.

ఏటా జూన్‌లో బడులు తెరిచే వేళకి కమిటీలో ఒకటే మాట: "అంకుల్, ఈ సంవత్సరం ఏ పుస్తకం పెడదాం?" కొత్తగా సండే స్కూల్ చెప్పడానికి ముందుకొచ్చిన పిల్లల కోసం, అంటే పాతికేళ్ల పిల్లల కోసం, ఇన్నేళ్లలో నాకు తెలిసింది రాసిపెడుతున్నాను.

1. ఏ పుస్తకం అని అడిగే ముందు, ఎవరి పిల్లలు అని అడగండి.

ఓ ఆదివారం పది ఆజ్ఞలు అప్పజెప్పించుకుంటున్నాను. అబద్ధ సాక్ష్యం చెప్పకూడదన్నది ఎన్నో ఆజ్ఞ అంటే గుంటూరు వాళ్ల అబ్బాయి "ఎనిమిది" అన్నాడు. ఒంగోలు వాళ్ల అమ్మాయి "కాదు తాతయ్యా, తొమ్మిది" అని చెయ్యెత్తి ఊపేసింది. ఇద్దరూ ఇళ్లలో సరిగ్గానే నేర్చుకొచ్చారు. లూథరన్లు, కతోలికులు వేరే దేవుళ్లు వద్దన్న మాటనీ విగ్రహాల మాటనీ కలిపి ఒక ఆజ్ఞగా లెక్కపెడతారు. చివర్లో, పరాయివాడిది ఆశించకూడదన్నదాన్ని రెండు చేస్తారు. బాప్టిస్టులు, ఆంగ్లికన్ సంప్రదాయంలోంచి వచ్చినవాళ్లు మొదట్లోనే రెండుగా లెక్కేసి చివరిదాన్ని ఒకటిగా ఉంచుతారు. నిర్గమకాండం 20వ అధ్యాయం తీసి చూపించాను. అక్కడ ఆజ్ఞలకి అంకెలు వేసి లేవు. ఇద్దరూ కాసేపు అలిగారు.

అంకెల గొడవైతే నవ్వుకుని వదిలేయొచ్చు. బాప్తిస్మం గొడవ అలా కాదు. "నీకు చంటిపాపప్పుడు నీళ్లు చల్లారంట కదా, అది లెక్కలోకి రాదు" అని ఒక పాప ఇంకో పాపని ఏడిపించింది. ఎనిమిదేళ్ల పిల్లకి ఆ మాట సొంతంగా పుట్టదు, ఇంట్లో పెద్దవాళ్లు అనుకుంటుంటే వినుంటుంది. కలగలుపు సంఘంలో ఏ ఒక్క శాఖ పుస్తకాన్నీ మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చెప్పలేం. అందరి ఇళ్లలోనూ ఉన్నదాంతో మొదలుపెట్టాలి: పది ఆజ్ఞలు, ప్రభువు నేర్పిన ప్రార్థన, యేసు చెప్పిన కథలు. విశ్వాస ప్రమాణం కొన్ని సంఘాల్లో చదవరు. అయినా చేర్చండి, తప్పుపట్టినవాళ్లు నాకైతే కనపడలేదు. బాప్తిస్మం దగ్గరికొచ్చేసరికి రెండు పద్ధతులూ చెప్పండి, రెండింటి వెనకున్న కారణాలూ చెప్పండి. మీ సొంత పక్షం ఏదో పిల్లలు అడిగితే దాచొద్దు.

2. కంఠతా పట్టించడాన్ని చిన్నచూపు చూడొద్దు.

బీఈడీ చదివొచ్చిన అమ్మాయిలు నాతో వాదించేది ఇక్కడే. "అర్థం కాకుండా బట్టీ ఎందుకు అంకుల్?" అంటారు. వాళ్లకి లూథర్ సంగతి చెబుతాను. 1528లో ఆయన సాక్సనీ పల్లెల్లో సంఘాలు చూడటానికి వెళ్తే, జనానికి ప్రభువు ప్రార్థన రాదు, కొందరు పాదిరీలకీ రాదు. తిరిగొచ్చి 1529లో చిన్న ప్రశ్నోత్తరి రాశాడు. రాసింది పాదిరీల కోసమే కాదు, ఇంటి యజమాని తన ఇంట్లోవాళ్లకి నేర్పడానికి కూడా. ఆ పుస్తకం దారిలోనే మన భాషలో అచ్చు కూడా నడిచింది. మద్రాసులో పనిచేసి వెళ్లిన బెంజమిన్ షుల్జ్ 1746లో జర్మనీలోని హాలేలో తెలుగు ప్రశ్నోత్తరి అచ్చువేయించాడు. తెలుగు అక్షరాల్లో అచ్చయిన తొలి పుస్తకాల్లో అదొకటి. అప్పట్లో మన పల్లెల్లో చాలామందికి చదువు లేదు. డోర్నకల్‌లో 1912 చివర్లో బిషప్ అయిన అజరయ్య గారి కాలంలో, పల్లె ఉపదేశి సాయంత్రం పొలం నుంచి వచ్చినవాళ్లని కూర్చోబెట్టి నోటితో చెప్పించేవాడు. నోటికొచ్చిందే వాళ్లకి బైబిలు.

అయితే కంఠతా పట్టించేది కొంచెమే ఉండాలి. వెస్ట్‌మిన్‌స్టర్ చిన్న ప్రశ్నోత్తరిలో 107 ప్రశ్నలు. హైడెల్‌బర్గ్‌ది 1563 నాటిది, 129 ప్రశ్నలు, 52 ఆదివారాలకి పంచి పెట్టారు. మన పిల్లలకి అంత అక్కర్లేదు. పది ఆజ్ఞలు, ప్రభువు ప్రార్థన, విశ్వాస ప్రమాణం, 23వ కీర్తన, కొండమీద ప్రసంగం మొదటి పన్నెండు వచనాలు. ఇవి పదేళ్లు నిండేలోపు నోటికి రావాలి. ఇంతకు మించి బట్టీ పెట్టించి బహుమతులిచ్చే సంఘాలున్నాయి. వాళ్ల ఓపికకి దణ్ణం.

3. ప్రశ్నలు పుస్తకంవే అయితే సగం పనే అయినట్టు.

ప్రశ్నోత్తరిలో జవాబే కాదు, ప్రశ్న కూడా పెద్దవాళ్లే రాసిపెట్టారు. నాకు దాంతో ఉన్న తగువు ఇదొక్కటే. నోవహు ఓడ కథ చెప్తుంటే ఏడేళ్ల పాప అడిగింది: "తాతయ్యా, మిగతా పిల్లలు ఏం చేశారు? వాళ్లు చెడ్డవాళ్లు కాదు కదా?" పక్కన కూర్చున్న టీచరమ్మ గబుక్కున "అలా అడక్కూడదు బంగారం" అంది. ఆ కథకి మన పుస్తకాల్లో రంగులేయడానికి ఏనుగు బొమ్మా ఇంద్రధనుస్సూ ఉంటాయి, నీళ్లలో మునిగినవాళ్లుండరు. పాప చూసింది బొమ్మలో లేనిదాన్ని. నేను, "నాకూ ఆ బాధ ఉందమ్మా, దేవుడికి కూడా బాధ కలిగిందని ఆదికాండం 6లో ఉంది" అని ఆ వచనం చదివాను. ఆ పిల్ల ఒప్పుకుందో లేదో తెలీదు, మరుసటి ఆదివారం మాత్రం ఇంకో ప్రశ్నతో వచ్చింది.

అందుకని మా గదిలో ఒక నోటుబుక్కు పెట్టాం. పిల్లలు ప్రశ్న రాయొచ్చు, పేరు రాయక్కర్లేదు. నెలకో ఆదివారం పుస్తకం పక్కన పెట్టి ఆ ప్రశ్నలే చూస్తాం. "మా నానమ్మ హిందువు, ఆమె నరకానికి వెళ్తుందా?" అన్నది ఏటా ఎవరో ఒకరు రాస్తారు. కొత్త టీచర్లు అన్నిటికన్నా ముందు సిద్ధపడాల్సింది ఆ ప్రశ్నకి. పాస్టర్ గారితో కూర్చుని మాట్లాడుకుని రండి. పిల్ల ముందు అప్పటికప్పుడు తోచింది చెప్పొద్దు.

4. ముందు అక్షరాలు నేర్పండి.

రాబర్ట్ రైక్స్ 1780లో ఇంగ్లండులోని గ్లాస్టర్‌లో సండే స్కూల్ పెట్టింది వారమంతా పనిచేసే పేద పిల్లలకి చదవడం నేర్పడానికి. మనం మళ్లీ అక్కడికే వచ్చాం. పేదరికం వల్ల కాదు, ఇంగ్లీషు మీడియం వల్ల. తొమ్మిదో తరగతి పిల్లాడికి తెలుగు బైబిలు ఇస్తే కూడబలుక్కుంటాడు. పాటలు ఫోనులో ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుంటున్నారు. తెలంగాణలో బడుల్లో తెలుగు తప్పనిసరి చేస్తూ 2018లో చట్టం వచ్చింది, ఆ తర్వాతి పిల్లలు కాస్త నయం. అయినా మన బైబిలు తెలుగు బడి తెలుగు కాదు. "పలుకుచుండెను", "యెరుగుదురు" దగ్గరే ఆగిపోతారు.

ఇంగ్లీషులో చెప్పేయమని కొందరు తల్లిదండ్రుల ఒత్తిడి. నేను ఒప్పుకోను. ఇంగ్లీషులో నేర్చుకున్న ప్రార్థనని పిల్లాడు తన అమ్మమ్మతో కలిసి చెప్పలేడు. పాఠం మొదలయ్యే ముందు పది నిమిషాలు బైబిలు పైకి చదివించండి, చాలు.

5. వి.బి.ఎస్. మోజులో పడొద్దు.

వేసవి సెలవుల్లో జరిగే వి.బి.ఎస్. (వెకేషన్ బైబిల్ స్కూల్) తిరునాళ్ల లాంటిది. ఆటలు, యాక్షన్ సాంగ్స్, క్రాఫ్టు, చివరి రోజు స్టేజీ, సమోసా, రస్నా. పిల్లలు ఏడాదంతా దాని కోసం చూస్తారు, చూడనివ్వండి. కానీ ఆ వారంలో ఖర్చుపెట్టిన డబ్బులో నాలుగో వంతు మిగతా ఏడాదికి ఉండదు. అది చూసి నాకు ఒళ్లు మండుతుంది. బయటి దేశం నుంచి వచ్చే రంగురంగుల కిట్లు ఇంకో తంటా. స్కీయింగు చేసే పిల్లల బొమ్మ మీద వాక్యం రాసి ఉంటుంది. హయత్‌నగర్ పిల్లాడికి మంచు ఎక్కడిది?

చుట్టుపక్కల హిందూ, ముస్లిం పిల్లలు కూడా వస్తారు, స్నేహితుల వెంట. రానివ్వండి. అయితే అమ్మానాన్నల అనుమతి కాగితం మీద తీసుకోండి, ఏం చెప్తున్నామో వాళ్లకి ముందే చూపించండి. ప్రభుత్వ గుర్తింపు ఉన్న బడిలో కూడా తల్లిదండ్రులో సంరక్షకులో ఒప్పుకోకుండా పిల్లవాడిని మతబోధకి కూర్చోబెట్టకూడదని రాజ్యాంగం 28వ అధికరణం చెబుతోంది. బడికి ఉన్న మర్యాద చర్చికి ఉండొద్దా?

6. పాటని పాఠంలా ఎంచుకోండి.

పురుషోత్తమ చౌదరి గారు 1803లో పుట్టి 1890 దాకా ఉన్నారు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో ఆయనవి ఎన్నో. పాట పైన రాగం, తాళం వేసి ఉంటాయి, చరణం చరణానికి సిద్ధాంతం ఒక మెట్టు ఎక్కుతుంది. ఒకే వాక్యం పదహారుసార్లు తిప్పే పాట చప్పట్లకి బాగుంటుంది గానీ దాంట్లో నేర్చుకునేదేమీ ఉండదు. నెలకో పాత కీర్తన. గిటార్ మీదైనా సరే.

7. చిన్నపిల్లల చేతికి ఏదైనా ఇవ్వండి.

1954లో రోమ్‌లో సోఫియా కవల్లెట్టి అనే బైబిలు పండితురాలు మాంటిస్సోరి పద్ధతిలో మతబోధ మొదలుపెట్టారు. చెక్కతో చేసిన కాపరి, గొర్రెలు పిల్లల చేతికిచ్చి, తక్కువ మాట్లాడి, వాళ్లనే కదపనిస్తారు. మాంటిస్సోరి గారు 1939లో మన పక్క మద్రాసు అడయారుకే వచ్చి టీచర్లకి శిక్షణ ఇచ్చారు. ఆ సంగతి మన సండే స్కూళ్లకి పట్టినట్టు లేదు.

చెక్క గొర్రెలు దొరక్క కొండపల్లి బొమ్మలు తెప్పించాను. ఎడ్లబండి, తాటిచెట్టు, నెత్తిన కుండ పెట్టుకున్న ఆడమనిషి. లూకా 10లో మంచి సమరయుడి కథకి వాటిని చాప మీద పెట్టాం. గాడిద లేదు కాబట్టి ఎడ్లబండే గాడిద. యెరికో దారి పిల్లల చేతిలో విజయవాడ హైవే అయిపోయింది. ఒకడు దెబ్బతిన్న మనిషిని పడుకోబెట్టి అన్నాడు: "తాతయ్యా, ఈయన 108కి ఫోన్ చేస్తే సరిపోయేది కదా."

"చేసి వెళ్లిపోవచ్చా?"

వాడు ఆలోచించాడు. ఇంకో పిల్ల అందుకుంది: "ఆస్పత్రిలో ముందు డబ్బులు కట్టమంటారు. మా బాబాయికి అలాగే అన్నారు." పూటకూళ్లవాడికి సమరయుడు రెండు దేనారాలు ఇచ్చి, ఇంకా ఖర్చైతే తిరిగొచ్చి ఇస్తానన్న మాట అప్పుడు చదివాను. ఆ మాటకి నేను వ్యాఖ్యానం చెప్పాల్సిన పని పడలేదు.

8. సర్టిఫికెట్ ప్రశ్న వస్తుంది. తప్పించుకోవద్దు.

నోటుబుక్కులో ఒకరోజు ఇలా ఉంది: "మేం చర్చికి వస్తాం. బడి కాగితాల్లో హిందూ అని రాశారు. ఇది అబద్ధ సాక్ష్యం కాదా?" పది ఆజ్ఞలు బాగా నేర్పితే వచ్చే ప్రశ్న ఇదే. ఏ పుస్తకంలోనూ దీనికి పాఠం లేదు.

పెద్ద తరగతి పిల్లలకి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. 1950 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు ప్రకారం మొదట హిందువులకే ఆ హోదా. 1956లో సిక్కులని, 1990లో బౌద్ధులని చేర్చారు, క్రైస్తవులని చేర్చలేదు. మన దగ్గర క్రైస్తవం తీసుకున్న ఎస్సీలకి బీసీ-సి ఉంది, ఒక్క శాతం రిజర్వేషన్. ఎస్సీగా వచ్చే సీటు, ఉద్యోగం, అట్రాసిటీ చట్టం రక్షణ అన్నీ మతం అన్న ఆ ఒక్క గడిలో రాసే మాట మీద ఉన్నాయి. చర్చిలోకి వచ్చినంత మాత్రాన ఊళ్లో కులం పోలేదు. మన సమాధుల దొడ్లోనూ, పెళ్లి సంబంధాల్లోనూ కూడా పోలేదు. ఇదీ చెప్పాను.

తర్వాత ఒక తండ్రి నన్ను చర్చి మెట్ల దగ్గర ఆపాడు. "సార్, మీకు పెన్షన్ వస్తుంది. నా పిల్లాడి సీటు గురించి మీరు నీతులు చెప్తే ఎట్లా?" అన్నాడు. నీతి చెప్పలేదు బాబూ, చట్టం చెప్పాను అన్నాను. ఆయన కోపం తగ్గలేదు. ఆ కోపంలో న్యాయం ఉంది. అయినా పిల్లల దగ్గర మౌనంగా ఉంటే వాళ్లు తమంతట తాము ఒక అర్థానికి వస్తారు: ఆదివారం మాటలు ఆదివారానికే అని. టీచర్లకి నా సలహా, ఏ ఇంటినీ వేలెత్తి చూపొద్దు, ఏ పిల్లాడినీ "నీ సర్టిఫికెట్లో ఏముంది" అని అడగొద్దు. కానీ అడిగిన పిల్లకి చట్టమూ చెప్పండి, ఆజ్ఞా చెప్పండి. రెండూ ఒకచోట కలవట్లేదన్నది కూడా చెప్పండి.

9. కన్ఫర్మేషన్ క్లాసు తొమ్మిదో తరగతి దాటనివ్వొద్దు.

పదో తరగతి వచ్చిందంటే ఆదివారం పరీక్షలు. దిల్‌సుఖ్‌నగర్ కోచింగులు. ఎనిమిదో తరగతి నుంచే ఫౌండేషన్ కోర్సులు. "ఇంటర్ అయ్యాక చూద్దాం పాస్టర్ గారూ" అన్న పిల్లలు ఇంటర్ అయ్యాక బెంగళూరులో ఉంటారు. మేం ఆ క్లాసుని శనివారం సాయంత్రానికి మార్చి, చర్చిలో కాకుండా అపార్టుమెంట్లలో ఇళ్లకి తిప్పాం. ఎవరింట్లో జరిగితే ఆ ఇంటి అమ్మానాన్నలు కూడా కూర్చోవాలన్నది షరతు. మొదట్లో నసిగారు. కూర్చున్నాక వాళ్లకీ ప్రశ్నలున్నాయని తెలిసింది. వారమంతా యూట్యూబులో వినే బోధకుల మాటలన్నీ బయటపడ్డాయి: ఫలానా చిప్పు 666 ముద్ర అని, ఫలానా తేదీకి లోకం ముగుస్తుందని. పిల్లలకి మీరు గంట చెప్తారు, ఆ ఫోను వారమంతా చెప్తుంది. ఆ ఫోనులో ఏం నడుస్తోందో కనుక్కుని క్లాసుకి రండి.

కన్ఫర్మేషన్ లేని సంఘాల పిల్లలు కూడా ఈ క్లాసుకి వస్తారు. బాప్తిస్మం సిద్ధపాటు అని వాళ్లకి చెప్తాం. పాఠం ఒకటే.

10. పుస్తకం కన్నా మనిషిని ఎంచుకోండి.

1878 జూలై 3న ఒంగోలు దగ్గర వెలంపల్లిలో, గుండ్లకమ్మ ఒడ్డున, ఒక్కరోజులో 2,222 మందికి బాప్తిస్మాలిచ్చారు. అంతకు ముందు కరువు రోజుల్లో, కూటి కోసం వస్తున్నారన్న మాట పడకూడదని, అక్కడి బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర బాప్తిస్మాలు ఆపేసి ఉంచాడు. ఆ సంఖ్య మనం గర్వంగా చెప్పుకుంటాం. ఆ తర్వాత వాళ్లకి ఎవరు నేర్పారన్నది చెప్పుకోం. వాస్కమ్ పికెట్ అనే ఆయన ఇలాంటి సామూహిక ఉద్యమాల మీద, మన తెలుగు ప్రాంతాలు కూడా తిరిగి, 1933లో పుస్తకం వేశారు. జనం ఏ ఉద్దేశంతో వచ్చారన్నదాని కన్నా, వచ్చాక ఎలాంటి బోధ, ఎలాంటి ఆదరణ దొరికిందన్నదే ఎక్కువ తేడా చేసిందని ఆయన తేల్చారు.

మా దగ్గర ఏడాదికో టీచర్ మారిన తరగతి, ఎంత మంచి పుస్తకం పెట్టినా, చెదిరిపోయింది. ఒక ఆంటీ ఉండేవారు, ఐదో తరగతి చదువు. ఫ్లానెల్ బోర్డు తప్ప ఇంకేమీ వాడలేదు. ఏ పిల్లకి జ్వరం వచ్చినా ఆ ఇంటికి నారింజ పండ్లతో వెళ్లేవారు. ఆమె తరగతి పిల్లలు ఇప్పుడు పెద్దవాళ్లై వాళ్ల పిల్లల్ని తెస్తున్నారు.

కాబట్టి ఈ జూన్‌కి నా మాట ఇది. పాత ప్రశ్నోత్తరి చిన్నది ఉంచండి, నోటుబుక్కు ఉంచండి, కొండపల్లి బొమ్మలు నా దగ్గర ఉన్నాయి తీసుకెళ్లండి. కొత్త కిట్లకి పెట్టే డబ్బుతో పెద్ద అక్షరాల తెలుగు బైబిళ్లు కొనండి. చెప్పడానికి పేర్లిచ్చేవాళ్లు కనీసం మూడేళ్లు ఉండగలిగితేనే ఇవ్వండి. పెళ్లి, బదిలీ, అమెరికా ప్రయాణం ఏదైనా ఖాయంగా ఉంటే ముందే చెప్పండి, మీకు వి.బి.ఎస్. ఇస్తాం.